ఓటుకి ఊరెళ్ళే ముందు

2024 మే 13కి హైదరాబాద్ నుంచి ఊరెళ్ళడానికి బస్సు టికెట్ కోసం మూడు రోజులు తిప్పలు పడ్డాను. సోమవారం పోలింగ్, దానికి ముందు శని, ఆదివారాలు, పైగా ఆంధ్రాలో అసెంబ్లీకీ పార్లమెంటుకీ ఒకేరోజు ఓటు, ఇక్కడున్న మావాళ్ళంతా ఒక్కసారే బయల్దేరుతున్నారు. చివరికి శుక్రవారం రాత్రి బస్సులో వెనక సీటు ఒకటి దొరికింది. చాలా సంతోషం వేసింది. ఎందుకంటే ఓటు వేయలేకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. 2014 ఎన్నికలప్పటికి నాకు పెళ్ళై ఏడాది. పెళ్ళై వెళ్ళిపోయిందని పుట్టింటి ఊళ్ళో జాబితాలోంచి నా పేరు తీసేశారు, అత్తగారి ఊళ్ళో మాత్రం ఎక్కించలేదు. ఫారం ఇచ్చామని మావారు అన్నారు, అందలేదని వాళ్ళన్నారు. ఇంట్లో అందరూ వేలికి సిరా గుర్తుతో తిరిగొస్తే నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఒక్క ఓటుకి ఏడవడమేంటని మా అత్తగారు నవ్వలేదు, పక్కన కూర్చున్నారు, అది ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత ఎప్పుడో చదివాను, స్వతంత్రం వచ్చాక మొదటి ఎన్నికలకి జాబితాలు రాస్తున్నప్పుడు లక్షలమంది ఆడవాళ్ళు సొంత పేరు చెప్పలేదట. ఫలానా ఆయన భార్యననీ, ఫలానావాడి తల్లిననీ రాయించుకున్నారు. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలా కుదరదన్నారు, సొంత పేరు ఉంటేనే ఓటు అన్నారు, దాంతో సుమారు 28 లక్షలమంది పేర్లు తీసేయాల్సి వచ్చింది. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్ళే. ఆ సంగతి చదివిన రోజు నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆమె ఐదేళ్ళు సర్పంచ్‌గా చేసింది, అయినా మా ఊళ్ళో ఇవాళ్టికీ చాలామంది 'సర్పంచ్ గారు' అంటే మా పెదనాన్ననే అనుకుంటారు.

పెద్దమ్మ గురించి తర్వాత చెప్తాను, ముందు నా మనసులో ఉన్న లెక్క చెప్పనివ్వండి.

ఆంధ్రప్రదేశ్ ఓటర్ల జాబితాలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువమంది ఉన్నారు, రెండు కోట్లు దాటి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద ఓటేసిన ఆడవాళ్ళ శాతం మొదటిసారి మగవాళ్ళ శాతాన్ని కొంచెం దాటింది. ఎండలో, చంటిపిల్లల్ని చంకనేసుకుని, కూలికి పోయే రోజు మానుకుని మరీ వచ్చి నిలబడ్డారు. వాళ్ళు ఓటేసి పంపిన ఆ లోక్‌సభలో 543 మందిలో ఆడవాళ్ళు 78. ఇప్పటిదాకా అదే అన్నిటికంటే పెద్ద సంఖ్య, దాన్నే రికార్డని పేపర్లు రాశాయి. మనవైపు చూస్తే ఆంధ్రా నుంచి 25 మందిలో నలుగురు, తెలంగాణ నుంచి 17 మందిలో ఒక్కరు. అరకు నుంచి గొడ్డేటి మాధవి, అమలాపురం నుంచి చింతా అనూరాధ, అనకాపల్లి నుంచి సత్యవతి, కాకినాడ నుంచి వంగా గీత, ఇవతల మహబూబాబాద్ నుంచి మాలోతు కవిత. ఈ ఐదుగురిలో ముగ్గురు ఎస్సీ, ఎస్టీలకి కేటాయించిన స్థానాల నుంచి గెలిచినవాళ్ళే, గమనించారా? అంటే పెద్ద పెద్ద డబ్బున్న కుటుంబాలు పోటీపడే జనరల్ సీట్లలోకి ఆడవాళ్ళని ఇంకా రానివ్వడం లేదు. నాకు ఆ ఐదు పేర్లలో కనిపించింది అదే.

రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పటివరకు ఒక్క మహిళ కూడా ముఖ్యమంత్రి కాలేదు. తెలంగాణ వచ్చాక ఏర్పడ్డ మొదటి ప్రభుత్వంలో నాలుగేళ్ళకి పైగా ఒక్క మహిళా మంత్రి కూడా లేరు. బతుకమ్మ ఎత్తుకుని ఉద్యమంలో రోడ్ల మీదికి వచ్చిన ఆడవాళ్ళ రాష్ట్రం అది. ఆ రోజుల్లో నేను హైదరాబాద్‌కి కొత్త, మా ఆఫీసులో తెలంగాణ అమ్మాయిలు ఆ మాట ఎంత బాధగా అనేవాళ్ళో నాకు తెలుసు. 2023 డిసెంబర్‌లో వచ్చిన ప్రభుత్వంలో సీతక్క, కొండా సురేఖ మంత్రులయ్యారు. ములుగు అడవుల్లో గూడేలకి నడిచి వెళ్ళిన సీతక్క పంచాయతీరాజ్ శాఖ చూస్తోందంటే, పార్టీ సంగతి పక్కన పెట్టండి, నాకు నిజంగా గర్వంగా ఉంటుంది.

చట్టం వచ్చింది కదా, ఇంకేంటి అని మావారి స్నేహితుడు ఒకాయన మొన్న అన్నారు. వచ్చింది, కాదనను. 2023 సెప్టెంబర్‌లో కొత్త పార్లమెంటు భవనంలో, లోక్‌సభలో, అసెంబ్లీల్లో మూడోవంతు సీట్లు ఆడవాళ్ళకి ఇచ్చే మహిళా రిజర్వేషన్ బిల్లు పాసైన రోజు నేను ఆఫీసులో పని పక్కన పెట్టి ఫోన్లో చూస్తూ కూర్చున్నాను. లోక్‌సభలో 454 మంది ఔనన్నారు, ఇద్దరు కాదన్నారు. రాజ్యసభలో కాదన్నవాళ్ళే లేరు. 1996లో దేవెగౌడ ప్రభుత్వం మొదటిసారి పెట్టిన బిల్లు అది, 27 ఏళ్ళు పట్టింది. మధ్యలో 1998లో సభలోనే ప్రతులు లాక్కుని చింపేశారు, 2010లో రాజ్యసభలో పాసై లోక్‌సభ గడప దాటకుండానే పోయింది. మొదట్లో ఆ బిల్లుని పరిశీలించిన కమిటీకి అధ్యక్షురాలు గీతా ముఖర్జీ, 2000లోనే చనిపోయారు, చట్టం కావడం చూడలేదు.

కానీ అది అమల్లోకి ఎప్పుడు వస్తుంది? జనాభా లెక్కలు జరగాలి, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన జరగాలి, అప్పుడు. 2021లో జరగాల్సిన జనగణన ఈ 2024 ఎన్నికల నాటికి కూడా జరగలేదు. అంటే ఈ ఎన్నికల్లో ఆ చట్టం ఉన్నా లేనట్టే. బీసీ మహిళలకి అందులో విడిగా వాటా లేదన్నది కూడా చిన్న విషయం కాదు, దాన్ని అడిగేవాళ్ళని మహిళల వ్యతిరేకులని కొట్టిపారేయడం నాకు నచ్చదు. మా ఊళ్ళో నీళ్ళ కోసం గొంతెత్తేది ఎవరో, పనికి పోతే తప్ప పొయ్యి వెలగనిది ఎవరికో చూస్తే ఆ ప్రశ్న ఎందుకు వస్తుందో అర్థమవుతుంది.

అయితే నా బాధ ఇంకోటి. చట్టం చేతులెత్తి ఆమోదించిన పార్టీలన్నిటికీ ఈ ఎన్నికల్లోనే టికెట్లు ఇచ్చే అవకాశం ఉంది. జనగణన అక్కర్లేదు, పునర్విభజన అక్కర్లేదు, పార్టీ తన అభ్యర్థికి ఇచ్చే బీ-ఫారం మీద ఒక ఆడమనిషి పేరు రాస్తే చాలు. 2019లో ఒడిశాలో బిజూ జనతాదళ్ 21 సీట్లలో ఏడు ఆడవాళ్ళకిచ్చింది, ఐదుగురు గెలిచారు. అందులో ఆస్కా నుంచి గెలిచిన ప్రమీలా బిసోయి స్వయం సహాయక సంఘం నడిపిన మనిషి, పెద్ద చదువు లేదు, రెండు లక్షలకి పైగా మెజారిటీ వచ్చింది. పశ్చిమ బెంగాల్లో తృణమూల్ కూడా 40 శాతం పైన ఇచ్చింది. ఏ చట్టమూ వాళ్ళని బలవంతపెట్టలేదు. మరి డ్వాక్రా పొదుపు సంఘాలు ఊరూరా పెరిగిన నేల మనది, ప్రతి ఊళ్ళోనూ పొదుపు లెక్కలు, బ్యాంకు అప్పులు, వాయిదాలు కంఠస్థంగా చెప్పగల ఆడవాళ్ళున్నారు, మన పార్టీలకి వాళ్ళల్లో ఒక్క ఎంపీ అభ్యర్థి కనిపించదా? సభలకి జనం కావాలంటే మాత్రం ఆ సంఘాల లీడర్లకే ఫోన్లు వస్తాయి. ట్రాక్టర్లు, ఆటోలు పెట్టి తీసుకెళ్తారు. ముందు వరసలో కూర్చోబెడతారు, కెమెరా అటే తిరుగుతుంది. స్టేజీ మీద ముప్పై కుర్చీలుంటే అందులో ఆడవాళ్ళు ఎంతమందో ఈ నెల రోజులుగా టీవీలో లెక్కపెడుతున్నాను, నాకు అలవాటైపోయింది.

'టికెట్' అనే మాట వింటే నాకు దుర్గాబాయమ్మ, అదే దుర్గాబాయ్ దేశ్‌ముఖ్, గుర్తొస్తుంది. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు పద్నాలుగేళ్ళ పిల్ల, ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరు. టికెట్ లేదని సాక్షాత్తూ నెహ్రూనే ఆపేసింది, నిర్వాహకులు టికెట్ కొనిచ్చాకే లోపలికి పంపింది. ఆ పిల్లే పెరిగి రాజ్యాంగ సభలో సభ్యురాలైంది. అంతటి ఆవిడ కూడా 1952 ఎన్నికల్లో పార్లమెంటుకి గెలవలేకపోయారు. వందేళ్ళయింది ఆ గేటు సంగతి జరిగి. ఇప్పుడు గేటు దగ్గర నిలబడి టికెట్ అడుగుతున్నది ఆడవాళ్ళు.

ఇక పెద్దమ్మ. 1995లో మా ఊరి సర్పంచ్ పదవి మహిళలకి రిజర్వ్ అయింది. పంచాయతీల్లో ఆడవాళ్ళకి సీట్లు కేటాయించిన రాజ్యాంగ 73వ సవరణ వచ్చాక జరిగిన మొదటి పంచాయతీ ఎన్నికలు అవి. మా పెదనాన్న అప్పటికి పదేళ్ళుగా ఆ కుర్చీ మీద ఆశ పెట్టుకున్న మనిషి. రిజర్వేషన్ అనగానే ఇంట్లో రెండు రోజులు మౌనం, మూడోరోజు నామినేషన్ కాగితాలు తెచ్చి పెద్దమ్మ ముందు పెట్టారు, "ఇక్కడ సంతకం పెట్టు" అని. ఆమె ఐదో తరగతి చదువుకుంది, సంతకం వచ్చు. పెట్టింది. గోడల మీద ఆమె పేరు చిన్నగా, ఆయన ఫోటో పెద్దగా. గెలిచాక ప్రమాణ స్వీకారం రోజు పంచాయతీ ఆఫీసులో కుర్చీలో పెదనాన్న కూర్చున్నారు, పెద్దమ్మ పక్కన బల్ల మీద. ఇది నేను కళ్ళారా చూశాను, నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఎవరికీ తప్పుగా అనిపించలేదు, నాతో సహా.

దాదాపు ఏడాది అలాగే గడిచింది. సెక్రటరీ ఇంటికి వచ్చి పెదనాన్నతో మాట్లాడి, చెక్కు మీద సంతకానికి మాత్రం పుస్తకం వంటింట్లోకి పంపేవాడు. మార్పు ఎండాకాలంలో వచ్చింది. ఊరి బోరు మోటారు కాలిపోయింది, మాలపల్లెలో ఉన్న ఒక్క చేతిపంపు కూడా పనిచేయడం లేదు. ఆడవాళ్ళు రెండు కిలోమీటర్లు పోయి పొలాల బావుల నుంచి తెచ్చుకుంటున్నారు. ఒకరోజు తెల్లారకముందే పది పదిహేనుమంది ఖాళీ బిందెలతో మా పెద్దమ్మ వాకిట్లోకి వచ్చి కూర్చున్నారు. పెదనాన్న బయటికొచ్చి మాట్లాడబోతే ఒక ముసలావిడ, "అయ్యా, నువ్వు కాదు, సర్పంచమ్మని పిలువు" అంది. అదే మాట, సరిగ్గా అలాగే. పెద్దమ్మ ఇప్పటికీ ఆ మాట చెప్పేటప్పుడు కళ్ళు తుడుచుకుంటుంది. ఆవిడ ఎవరో, ఆ బిందె ఏ రంగో కూడా చెప్తుంది.

ఆరోజు ఆమె బస్సెక్కి మండల ఆఫీసుకి ఒక్కతే వెళ్ళింది. ఎంపీడీవో గారు లేరన్నారు, మధ్యాహ్నం దాకా మెట్ల మీద కూర్చుంది. వచ్చాక అర్జీ ఇచ్చింది, అర్జీ తనే రాసుకుంది, అక్షరాలు వంకర్లు పోయాయని సిగ్గుపడుతూనే ఇచ్చింది. వారం రోజుల్లో మోటారు వచ్చింది. ఆ తర్వాత నుంచి మినిట్స్ బుక్కు ఇంటికి తెప్పించి, చదివి వినిపిస్తేగానీ సంతకం పెట్టేది కాదు. ఎవరు చదివేవాళ్ళు అనుకున్నారు? నేను. మూడో తరగతి పిల్లని, 'తీర్మానం' అంటే ఏంటో తెలియకుండా తీర్మానాలన్నీ చదివాను. ఎక్కడ అంకె దగ్గర ఆగాలో, ఎక్కడ మళ్ళీ చదవమనాలో ఆమెకి తెలిసిపోయేది. సిమెంటు బస్తాల లెక్కలో ఒకసారి తేడా పట్టుకుంది. ఇంట్లో గొడవ కూడా అయింది, ఆ కాంట్రాక్టరు పెదనాన్న స్నేహితుడు. కానీ పెదనాన్నే నెమ్మదిగా మారారు. మూడో ఏడు నుంచి ఆమె మీటింగుకి వెళ్తే ఆయన ఇంట్లో పాలు కాచేవారు. అలా మారే మగవాళ్ళు ఉంటారు, నేను చూశాను, అందుకే నాకు ఆశ పోలేదు.

రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీల మీద చేసిన అధ్యయనం 2004లో వచ్చింది. రిజర్వేషన్ వల్ల ఆడవాళ్ళు అధ్యక్షులైన చోట ఊరి ఆడవాళ్ళు అడిగే పనుల మీద, ముఖ్యంగా తాగునీటి మీద, ఎక్కువ ఖర్చు పెట్టారని అందులో తేలింది. డఫ్లోకి తర్వాత 2019లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. నేను అది చదివి మా పెద్దమ్మకి ఫోన్ చేసి చెప్తే, "దానికి అంత దూరం నుంచి వచ్చి చూడాలా అమ్మాయ్, నీళ్ళు మోసేది ఎవరో వాళ్ళకే కదా తెలిసేది" అంది.

అసలు చెప్పాలనుకున్నది ఇక్కడ ఉంది. తర్వాతి ఎన్నికలకి సర్పంచ్ పదవి జనరల్ అయింది. జనరల్ అంటే ఎవరైనా నిలబడొచ్చు, ఆడవాళ్ళూ నిలబడొచ్చు. పెద్దమ్మకి నిలబడాలనే ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళు కూడా అడిగారు. పార్టీ పెద్దలు ఇంటికొచ్చి, కాఫీ తాగి, "ఇక చాలులేమ్మా, రిజర్వేషన్ అయిపోయింది కదా" అన్నారు. ఆమె ఏమీ అనలేదు. పని నేర్చుకుంది, లెక్క నేర్చుకుంది, మండల ఆఫీసులో ప్రతి గుమాస్తానీ పేరుపెట్టి పిలిచే స్థాయికి వచ్చింది, సరిగ్గా అప్పుడే ఇంటికి పంపేశారు. దేశంలో పంచాయతీల్లో ఎన్నికైన మహిళలు 14 లక్షల దాకా ఉన్నారంటారు. ఆంధ్రా, తెలంగాణల్లో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్ళవే. ముప్పై ఏళ్ళుగా ఇంతమంది పని నేర్చుకుంటుంటే అసెంబ్లీకి, పార్లమెంటుకి అభ్యర్థులు దొరకడం లేదని ఏ పార్టీ అయినా ఎలా అనగలదు? "గెలిచే ఆడవాళ్ళు లేరండీ" అన్న మాట నేను ఈ నెలలోనే టీవీ చర్చల్లో ఎన్నిసార్లు విన్నానో. 1995 నుంచి అన్ని జిల్లాల్లో ఎంతమంది పెద్దమ్మల్ని ఇంటికి పంపేశారో ఎవరైనా లెక్క తీశారా?

డబ్బు సంగతి కూడా ఉంది, దాచడం ఎందుకు. లోక్‌సభ అభ్యర్థి చట్టప్రకారం మన రాష్ట్రాల్లో 95 లక్షల వరకు ఖర్చు పెట్టొచ్చు, అసెంబ్లీకి 40 లక్షలు. చట్టం చెప్పిన ఆ అంకే మామూలు ఆడమనిషికి అందనిది, ఇక నిజంగా అయ్యే ఖర్చు ఊళ్ళలో అందరికీ తెలుసు. ఇంట్లో పొలం కాగితాలు ఎవరి పేరు మీద ఉంటాయి? బ్యాంకు తాకట్టుకి ఎవరి సంతకం కావాలి? అందుకే పైకి వచ్చిన ఆడవాళ్ళలో చాలామంది వెనక ఒక తండ్రో, భర్తో, మామగారో కనిపిస్తారు. 2024 ఎన్నికల నాటికి ఆంధ్రాలో రెండు జాతీయ పార్టీలకి రాష్ట్ర అధ్యక్షులు మహిళలే, బీజేపీకి పురందేశ్వరి, కాంగ్రెస్‌కి షర్మిల. ఒకరు రాజమండ్రిలో, ఒకరు కడపలో పోటీకి దిగారు. ఇద్దరూ ముఖ్యమంత్రుల కూతుళ్ళు. వాళ్ళ సామర్థ్యాన్ని నేను తక్కువ చేయడం లేదు, మగవాళ్ళలో వారసులు లేరా, వాళ్ళని ఎవరూ ఆ ప్రశ్న అడగరు. పైగా వాళ్ళ చీరల మీద, మాటతీరు మీద, కాపురాల మీద సోషల్ మీడియాలో రాసే రాతలు చూస్తే కడుపులో తిప్పుతుంది, ఏ పార్టీ అభిమానులూ దీనికి తీసిపోలేదు. ఇంత బలం వెనక ఉన్నవాళ్ళనే ఇలా అంటే, ఏ అండా లేని ఒక టీచరమ్మ, ఒక ఆశా కార్యకర్త ఏ ధైర్యంతో నామినేషన్ వేస్తుంది? వేసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ధైర్యానికి నా దండం.

పథకాల గురించి ఒక మాట. ఈసారి రెండు రాష్ట్రాల్లోనూ హామీలన్నీ ఆడవాళ్ళ చుట్టూనే తిరుగుతున్నాయి, ఖాతాలో డబ్బులు, ఉచిత బస్సు, గ్యాస్. వీటిని తీసిపారేసేవాళ్ళతో నేను కలవను. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో బస్సు ఉచితమయ్యాక మా వీధిలో ఇళ్ళలో పనిచేసే ఆమె నెలకోసారి వాళ్ళమ్మని చూడటానికి ఊరెళ్తోంది, అంతకుముందు పండక్కి మాత్రమే. దాని విలువ ఏసీ కార్లో తిరిగేవాళ్ళకి తెలియదు. కానీ హామీ రాసే బల్ల దగ్గర ఆడవాళ్ళు ఉంటే ఇంకేం రాసేవాళ్ళని నేను ఆలోచిస్తుంటాను. పనిచేసే తల్లులకి ఊరూరా పిల్లల్ని చూసుకునే కేంద్రాలు రాసేవాళ్ళేమో. బస్టాండుల్లో తలుపు గడియ పడే మరుగుదొడ్లు రాసేవాళ్ళు, అది ఖాయం. మందు గురించి ఏదో ఒకటి తప్పకుండా రాసేవాళ్ళు.

మందు అన్నాను కాబట్టి దూబగుంట చెప్పాలి. నెల్లూరు జిల్లాలో ఆ ఊరి ఆడవాళ్ళు అక్షరాస్యత క్లాసుల్లో అక్షరాలు దిద్దుతూ సారా గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, వర్ధినేని రోశమ్మ లాంటివాళ్ళు ముందు నిలబడ్డారు, సారా దుకాణం మూయించారు. 1992లో అది ఊరూరా పాకింది, సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. తర్వాతి ఏడాది ఎన్నికల్లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్య నిషేధం అంటే ఆడవాళ్ళు ఓట్లేసి గెలిపించారు, ప్రమాణ స్వీకారం రోజే ఆయన దాని మీద సంతకం పెట్టారు. ఒక ప్రభుత్వం మెడలు వంచి, ఇంకో ప్రభుత్వాన్ని తెచ్చినంత శక్తి అది. 1997లో నిషేధం ఎత్తేశారు. ఖజానాకి డబ్బులు లేవన్నారు. నిషేధం మంచిదా కాదా అన్నదాని మీద వేరే అభిప్రాయాలు ఉండొచ్చు, నాకూ పూర్తిగా తేలలేదు. కానీ ఎత్తేయాలని నిర్ణయించిన ఆ గదిలో దూబగుంట నుంచి ఎవరూ లేరు. రోడ్డు మీద అన్ని వేలమంది ఉన్నారు, గదిలో లేరు. పెద్దమ్మని సర్పంచ్ కుర్చీ పక్కన బల్ల మీద కూర్చోబెట్టిన రోజూ, ఇదీ నాకు ఒకేలా కనిపిస్తాయి.

అయినా ఈసారి నాకు ఆశగానే ఉంది. 2023లో నాగాలాండ్‌లో, రాష్ట్రం ఏర్పడిన అరవై ఏళ్ళకి, మొదటిసారి ఇద్దరు మహిళలు ఎమ్మెల్యేలుగా గెలిచారు. అదే ఏడాది డిసెంబర్‌లో తెలంగాణలోని పాలకుర్తిలో 26 ఏళ్ళ యశస్వినీ రెడ్డి ఒక సీనియర్ మంత్రిని ఓడించింది. 2024 జూన్ 2న మెక్సికోలో అధ్యక్ష ఎన్నికలు, అక్కడ గెలుపు అవకాశం ఉన్న ఇద్దరు ప్రధాన అభ్యర్థులూ ఆడవాళ్ళే. మన తర్వాత జాతీయ ఎన్నికల్లో ఆడవాళ్ళకి ఓటు ఇచ్చిన దేశం అది. 1953లో.

నేను ఎవరికి ఓటేస్తానో ఇక్కడ రాయను. కానీ ఎలా ఆలోచిస్తున్నానో చెప్తాను. మా అసెంబ్లీ బ్యాలెట్‌లో, పార్లమెంటు బ్యాలెట్‌లో ఆడవాళ్ళ పేర్లు ఉన్నాయా అని మొదట చూశాను, ఉన్నాయి, కొన్నే. వాళ్ళు ఇంతకుముందు ఏం పని చేశారో వెతుకుతున్నాను. ఆడమనిషి అయినంత మాత్రాన ఓటేయను, మా పెద్దమ్మ నన్ను అలా పెంచలేదు. మగ అభ్యర్థి ఇంటికొస్తే మాత్రం ఒక ప్రశ్న అడుగుతాను, మీ పార్టీ మండల కమిటీలో ఆడవాళ్ళు ఎంతమంది, మహిళా విభాగం కాకుండా మామూలు కమిటీలో, వాళ్ళ పేర్లు చెప్పండి అని. మొన్న ఉగాదికి వెళ్ళినప్పుడు ప్రచారానికి వచ్చిన ఒకాయన్ని అడిగాను కూడా. ఆయన పక్కనున్నవాళ్ళ మొహాలు చూశారు. మా అత్తగారు వెనక నుంచి, "చెప్పండి బాబూ, వింటాం" అన్నారు.

పెద్దమ్మకి ఇప్పుడు 67. పెదనాన్న పోయి నాలుగేళ్ళయింది. మోకాళ్ళ నొప్పులు, కళ్ళకి శుక్లాల ఆపరేషన్ అయింది. నిన్న రాత్రి టికెట్ దొరికిందని చెప్పడానికి ఫోన్ చేశాను. మా అత్తగారి ఊరు, ఆమె ఊరు ఒకే పార్లమెంటు నియోజకవర్గంలోకి వస్తాయి, అందుకని శనివారం ముందు అక్కడ దిగి, ఆదివారం సాయంత్రానికి అత్తగారింటికి వెళ్తాను.

"స్లిప్పు ఇచ్చారా పెద్దమ్మా" అన్నాను.

"ఇచ్చారు. పేరు సరిగ్గానే ఉంది, ఇంటిపేరులో దీర్ఘం పోయింది అంతే." కాసేపు ఆగి, "అమ్మాయ్, నిలబడ్డవాళ్ళు ఆస్తులు, కేసులు రాసిస్తారంట కదా, అఫిడవిట్లు, అవి ఫోన్లో వస్తాయంటగా?"

వస్తాయి, ఎన్నికల కమిషన్ వెబ్‌సైట్లో పెడతారు అన్నాను.

"ప్రింట్ తీసుకురా. ఆడవాళ్ళవి ముందు తీయి. అక్షరాలు పెద్దగా వచ్చేట్టు తీయి, శనివారం మధ్యాహ్నం మనవాళ్ళు పదిమంది వస్తామన్నారు, నువ్వు చదువుదువుగాని."